ఎల్లక్క ఎక్కిన బల్ల

సుల్తానాబాద్ సర్కారు దవాఖానలో ఎల్లక్క ఆయమ్మగా చేరి ఇరవై ఆరేళ్లయింది. గదులు ఊడవడం, తుడవడం, కాన్పు అయిన వాళ్ల బట్టలు మార్చడం, పనిముట్లు కడిగి ఆవిరి పెట్టెలో పెట్టడం ఆమె పనులు. వీటితో పాటు ఎవరూ చెప్పకుండా తనే మొదలుపెట్టిన పని ఒకటుంది. ప్రతి బుధవారం ఆడవాళ్ల పరీక్ష గదిలో బల్ల పక్కన నిలబడి, పడుకున్న మనిషి చెయ్యి పట్టుకుంటుంది.

లోపల చూడటానికి వాడే ఇనుప పనిముట్టును డాక్టర్లు స్పెక్యులమ్ అంటారు. చలికాలంలో అది మంచుముక్కలా ఉంటుంది. ఎల్లక్క దాన్ని గోరువెచ్చని నీళ్లలో ముంచి, వెచ్చబడ్డాకనే డాక్టరు చేతికి అందిస్తుంది. రెండేళ్ల కిందట నిర్మల్ నుంచి బదిలీ మీద డాక్టర్ భూమిక కొత్తగా వచ్చినప్పుడు, మొదటి వారమే ఎల్లక్క ఆమెకు ఆ సంగతి చెప్పింది.

"చల్లటి ఇనుము తాకితే ఎవ్వలన్న బిగుసుకపోతరు మేడం. బిగుసుకపోతేనే నొప్పి లేస్తది."

భూమికకు అప్పటికి ముప్పై దాటలేదు. ఆయమ్మ తనకు నేర్పడమేమిటని అనుకోలేదు. "గీ ముచ్చట మాకు కాలేజీల ఎవ్వరు చెప్పలే అక్కా," అంది. అప్పటి నుంచి ఇద్దరికీ మంచి పొత్తు కుదిరింది.

నెలల తరబడి రక్తం పోతున్నా ఆలస్యంగా వచ్చే ఆడవాళ్లను ఎల్లక్క ఊరికే వదిలేది కాదు. "ఆర్నెళ్ల సంది ఎర్రబట్ట అయితుంటే ఇప్పుడా వచ్చుడు? పంటి నొప్పి లేస్తే తెల్లారంగ ఉరికొస్తరు, దీనికి మాత్రం దసరా పోవాలె, పెండ్లి పోవాలె," అని వరుసలో నిలబెట్టే కోప్పడేది. ఆ కోపంలో అక్కర ఉందని వాళ్లకు తెలుసు. ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

అలాంటి ఎల్లక్క, ఆ ఏడాది మిరుగు కార్తె మొదలై తొలి వానలు పడిన వారంలో, నీళ్ల బకెట్టు ఎత్తి వార్డులోకి మోసుకెళ్లిన రోజు సాయంత్రం తన లంగా మీద రూపాయి బిళ్లంత మరక చూసింది. ఆమెకు యాభై నాలుగేళ్లు. ముట్టు ఆగిపోయి మూడేళ్లు దాటింది. ఆగిపోయాక మళ్లీ ఒక్క చుక్క కనపడినా చూపించుకోవాలని ఎంతమందికి చెప్పిందో లెక్క లేదు. మరకను సబ్బు పెట్టి ఉతికింది. ఎవరికీ చెప్పలేదు.

మళ్లీ పది రోజులకు కనపడింది. బరువెత్తిన రోజున, బస్సులో కుదుపులు ఎక్కువైన రోజున కనపడేది. మధ్యలో పక్షం రోజులు ఏమీ ఉండేది కాదు. ఆ పక్షం రోజులూ, ఇగ పోయిందనుకునేది.

తెలియని వాళ్లు తెలియక దాచుకుంటారు. ఎల్లక్క అన్నీ తెలిసి దాచుకుంది. తన కన్నా ముందు ఆ దవాఖానలో గంగుబాయి అనే ఆయమ్మ ఉండేది. ఆదిలాబాద్ వైపు మనిషి. ఎల్లక్కకు పని నేర్పింది ఆమెనే. గంగుబాయి కూడా ఇలాగే దాచుకుంది. వాసన వచ్చే దాకా దాచుకుంది. గర్భసంచి మూతి క్యాన్సర్ అని తేలేసరికి డాక్టర్ల చేతిలో ఏమీ మిగల్లేదు. చివరి రోజుల్లో ఆమెకు స్నానం పోసింది ఎల్లక్కే. మరక కనపడిన ప్రతిసారీ ఆ మనిషే కళ్లముందు నిలిచేది. బల్ల ఎక్కితే ఆ మాటే వినాల్సి వస్తుందేమో అన్న భయం. ఇంకొకటి కూడా ఉంది. ఇంతమందిని కోప్పడిన మనిషి, తానే నాలుగు నెలలు ఆగి వచ్చిందని, పరీక్ష గదిలో వివరాలు రాసుకునే నర్సు వందన సిస్టర్ రిజిస్టర్‌లో రాస్తుంది. ఆ రాత ఊహించుకుంటేనే ఎల్లక్కకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

సద్దుల బతుకమ్మ రోజు ఆడుతూ ఆడుతూ, మళ్లీ తడి తగిలినట్టయి, మధ్యలో ఆగి ఇంటికి వచ్చేసింది. దసరా అయిన మూడో రోజు సెలవు పెట్టి, తనను ఎవరూ ఎరగని చోటు కోసం కరీంనగర్ బస్సెక్కింది.

బస్టాండుకు దగ్గర్లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్. చీటీ మీద పేరు అడిగితే చెల్లెలి పేరు చెప్పింది, వినోద అని. లోపల డాక్టరమ్మ పెద్దావిడ, తొందరలో ఉంది. పరీక్ష రెండు నిమిషాల్లో అయిపోయింది. చేతి తొడుగులు తీస్తూనే చెప్పింది.

"గర్భసంచి మూతి మీద గడ్డ ఉందమ్మా. ఈ వయసులో ఉంచుకోవడం మంచిది కాదు, క్యాన్సర్‌లోకి దిగుతుంది. సంచి తీసేద్దాం. ఎల్లుండి ఖాళీ ఉంది, ఇంట్లో వాళ్లను తీసుకురా."

ఎల్లక్క బల్ల మీద నుంచి దిగి చీర సర్దుకుంది. గంగుబాయి మళ్లీ కళ్లముందు నిలిచింది. కానీ ఇరవై ఆరేళ్లు ఆ బల్ల పక్కన నిలబడి విన్న మాటలు కూడా లోపల ఉన్నాయి. అవి తమంతట తామే బయటికి వచ్చాయి.

"మేడం, ఆ గడ్డకు కాడ ఉన్నదా, లేకుంటే పీట లెక్క కరుసుకొని ఉన్నదా?"

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "ఏమన్నావు?"

"మెత్తగున్నదా గట్టిగున్నదా అని. ముక్క తీసి పరీక్షకు పంపకుంటనే క్యాన్సర్ అయితదని ఎట్ల చెప్తున్నరు? సంచి లోపలి పొర ఎంత మందమున్నదో స్కాన్ల చూడలే. పాప్ పరీక్ష చెయ్యలే. ఏం చూసి కోస్తరు మేడం?"

పక్కనున్న నర్సు చీటీ రాస్తూ ఆగిపోయింది. డాక్టరమ్మ గొంతు మారింది. "నువ్వెక్కడ పనిచేస్తావు?"

"సర్కారు దవాఖానల ఊడుస్త," అంది ఎల్లక్క. "నా పేరు వినోద కాదు, ఎల్లక్క."

చెప్పులేసుకుని బయటికి వచ్చింది. రోడ్డు దాటి బస్టాండు బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. అడిగిన ప్రశ్నలకు జవాబు రాలేదన్న సంగతి అప్పుడు పట్టుకుంది ఆమెను. కాడ ఉందా లేదా? అది తెలియాలంటే మళ్లీ బల్ల ఎక్కాల్సిందే. ఇన్నాళ్లూ ఆ ప్రశ్నలు అందరి కోసం విన్నది. తన కోసం అడగడం అదే మొదటిసారి. భయపడ్డ నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా ఇంత తేలికగా అనిపించలేదు.

ఇంటికి చేరేసరికి భర్త సాంబయ్య రైస్ మిల్లు నుంచి వచ్చి, భుజాల మీద తవుడు కడుక్కుంటున్నాడు. ముప్పై ఏళ్లుగా బస్తాలు మోస్తున్న మనిషి. తక్కువ మాట్లాడతాడు. ఎల్లక్క చాయ్ గ్లాసు చేతికిచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, మొదటి నుంచీ చెప్పింది. గంగుబాయి గురించి కూడా దాచలేదు.

సాంబయ్య చాయ్ తాగలేదు. "నాకు ఎరుకే," అన్నాడు.

"ఏం ఎరుక?"

"బట్టలు నువ్వొక్కదానివే చాటుకు పోయి ఉతుకుతుంటివి. రెండు మూడుసార్లు చూసిన. అడిగితే ఏమంటవో అని అడగలే. అడగకపోవుడు తప్పే అయింది." గ్లాసు కింద పెట్టి అన్నాడు, "బుధవారం నేను మిల్లుకు పోను. నీతోని వస్త."

"నా దవాఖానకు నాతోని నువ్వొచ్చుడేంది?"

"బయట కూసుంట," అన్నాడు.

ఆ బుధవారం ఎప్పటిలాగే ముప్పై మంది దాకా వచ్చారు. ఎల్లక్క ఎప్పటిలాగే పేర్లు పిలిచింది, చేతులు పట్టుకుంది, పనిముట్లు మార్చింది. మధ్యాహ్నానికి వరుస అయిపోయింది. భూమిక చేతులు కడుక్కుని కుర్చీలో వాలింది.

"మేడం, ఇంకొక్కలు ఉన్నరు."

"పిలువు అక్కా."

ఎల్లక్క కదల్లేదు. ఆవిరి పెట్టెలో నుంచి కడిగిన ట్రే తీసి బల్ల పక్కన పెట్టింది. స్పెక్యులమ్, దూది, పొడుగు పట్టుకారు, చిన్న గాజు సీసా. అన్నీ సర్దాక బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, దాని మీద కూర్చుంది.

భూమిక లేచి నిలబడింది. వందన సిస్టర్ రిజిస్టర్ మూసేసి దగ్గరికి వచ్చింది.  భూమిక మెల్లగా అడిగింది, "ఎన్ని రోజుల సంది?"

"నాలుగు నెలలు దాటింది మేడం. నేనే అందర్ని తిడ్త. నన్ను తిట్టుండ్రి."

"తిట్టుడు నీకు వచ్చినంత మంచిగ నాకు రాదు," అంది భూమిక. "పండుకో."

బల్ల మీద పడుకున్నాక ఎల్లక్కకు ఒక సంగతి తెలిసింది. కాళ్లు మడిచి పెట్టుకుని తల పక్కకు తిప్పితే, తలుపు సందులోంచి వరండా కనపడుతోంది. నడిచే వాళ్ల కాళ్లు, చెప్పులు, ఊడ్చే చీపురు. ఇరవై ఆరేళ్లు ఆ బల్లకు ఇవతల నిలబడింది గనుక, అటు నుంచి ఏమి కనపడుతుందో చూడలేదు. ఇందుకేనా ఇంతమంది తలుపు వైపు చూస్తూ బిగుసుకుపోయేది అనుకుంది. ఆమె మొహం చూసి వందన వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది.

భూమిక స్పెక్యులమ్‌ను వెచ్చటి నీళ్లలో ముంచి తీసింది. దీపం సరిచేసి చూసింది.

"చెప్పుండ్రి మేడం. కాడ ఉన్నదా?"

"ఉన్నది. సన్నటి కాడ. దాని కొసకు రేగుపండంత ఎర్రటి కండ వేలాడుతుంది. మెత్తగున్నది, కదులుతుంది. దీన్నే పాలిప్ అంటం. మూతి లోపలి పొర ఒకచోట ఎక్కువగ పెరిగి కిందికి జారింది, అంతే. పైన తోలు పల్చగుంటది గనక తాకితే చాలు రక్తం వస్తది. నువ్వు బరువెత్తినప్పుడల్ల కనపడ్డది అందుకే."

"మంచిదా, చెడ్డదా?"

"చూస్తే మంచిదే అనిపిస్తుంది. నూటికి తొంబై తొమ్మిది మంచియే ఉంటయి. ఆ ఒక్కటి కాదని నేను కంటితోని చూసి చెప్పలేను. తీసి కరీంనగర్ ల్యాబ్‌కు పంపుదాం. తీసే ముందు మూతి మీద నుంచి జర పొర గీకి పాప్ పరీక్షకు కూడ తీస్త. ఇంకొకటి, నీకు ముట్టు ఆగినంక రక్తం కనపడ్డది. ఒక కారణం దొరికింది గదా అని రెండోది వెతుకుడు ఆపొద్దు. స్కాన్ చేసి సంచి లోపలి పొర గూడ చూడాలె."

"కోస్తరా?"

"కోసుడు లేదు. పట్టుకారుతోని కాడ మొదలు పట్టుకొని మెల్లగ తిప్పుత. తిప్పంగ తిప్పంగ అదే ఊడొస్తది. మత్తు కూడ అక్కర లేదు. కడుపుల జర గుంజినట్టు అయితది. తీయమంటవా?"

"తీయుండ్రి."

వందన ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చెయ్యి ఎల్లక్క చేతికి ఇవ్వడానికి చాచింది, అందలేదు. భూమిక బయటకు కేకేసి, వరండాలో కూర్చున్న సాంబయ్యను తలుపు అవతల కాపలా నిలబెట్టింది. అప్పుడు వందన వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఊపిరి ఇడువు అక్కా, మెల్లగ ఇడువు," అంది. ఎల్లక్క వేల మందికి చెప్పిన మాట అది. మాట వరసకు చెప్తున్నానేమో అని అప్పుడప్పుడు అనుమానపడేది. ఊపిరి వదిలితే నిజంగానే పొట్ట మెత్తబడింది. లోపల ఎవరో దారం పట్టి లాగినట్టయింది. అంతలో భూమిక, "అయిపోయింది," అంది.

కాడ ఊడిన చోట మందు అద్ది, రక్తం ఆగేదాకా దూదితో అదిమి పట్టింది. పట్టుకారు కొసకు ఉన్నదాన్ని ఎల్లక్కకు చూపించింది. నాలుగు నెలలు నిద్ర లేకుండా చేసింది అంత చిన్నదా అని ఎల్లక్క దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత సీసా తనే తీసుకుని మూత పెట్టి, దాని మీద అతికించిన కాగితం మీద తన పేరు తనే రాసింది. ఎల్లక్క, యాభై నాలుగు. వేరే పేరు రాయలేదు.

"మూడు నాలుగు రోజులు జర ఎర్రగ కనపడొచ్చు. బరువులు మొయ్యకు. వారం రోజులు నువ్వూ మీ ఆయన వేరువేరుగ పండుకోండ్రి. జరం వచ్చినా, వాసన వచ్చినా, రక్తం ఎక్కువైనా ఆగకుండ రావాలె," అని భూమిక చెప్తుంటే, "గీ మాటలు నాకెందుకు చెప్తున్నరు, నేనే అందరికి చెప్త గదా," అనబోయి ఆగిపోయింది ఎల్లక్క. చెప్పించుకుంటేనే బాగుందనిపించింది.

మరునాడు స్కాన్‌లో లోపలి పొర పల్చగా, మూడు మిల్లీమీటర్లే ఉందని తేలింది. ఆ వయసుకు ఉండాల్సినంతే. ల్యాబ్ కాగితాలు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఎల్లక్క పనికి వచ్చింది. బకెట్టు ఎత్తబోతే వందన లాక్కునేది. కూర్చోమంటే కూర్చోలేక, ఒకరోజు బజారుకు పోయి మందపాటి ఆకుపచ్చ గుడ్డ తెచ్చి, పరీక్ష గది తలుపుకు లోపలి వైపు తెర కుట్టి వేలాడదీసింది. కుట్టాక బల్ల మీద పడుకుని, తల పక్కకు తిప్పి చూసింది. వరండా కనపడలేదు.

కాగితాలు వచ్చిన రోజు భూమిక ఆమెను గదిలోకి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి చదివింది. పాలిప్‌లో క్యాన్సర్ లేదు. పాప్ పరీక్ష బాగుంది.

"మళ్ల పెరుగుతదా మేడం?"

"కొందరికి పెరుగుతది. పెరిగితే మళ్ల తీస్తం. మళ్ల ఒక్క చుక్క కనపడినా నాలుగు నెలలు కాదు, నాలుగు రోజులు కూడ ఆగొద్దు."

ఎల్లక్క తలూపింది. కాగితాన్ని మడిచి రవికెలో పెట్టుకుంది. వరండాలోకి వచ్చి, గంగుబాయి కూర్చునే మూల వైపు ఒకసారి చూసి, కళ్లు తుడుచుకుని చీపురు అందుకుంది.

ఆ తర్వాతి బుధవారం లింగవ్వ అనే బీడీలు చుట్టే ఆమె వచ్చింది. నలభై మూడేళ్లు. నెల మధ్యలో ఎర్రబట్ట అవుతోందని ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరుకు చూపిస్తే, సంచి తీయించుకో, నేనే తీసుకుపోతానన్నాడట. తన పేరు పిలిచేసరికి లింగవ్వ లేచి, గేటు వైపు నడవడం మొదలుపెట్టింది.

ఎల్లక్క వెళ్లి ముందు నిలబడింది. "ఎటు పోతున్నవ్ చెల్లె?"

"నాకు శరమైతుంది అక్కా. బల్ల ఎక్క నేను. సంచి తీసేస్తే పీడ పోతది గదా."

కోప్పడటానికి నోటిదాకా వచ్చిన మాటను ఎల్లక్క మింగేసింది. వరుసలో పాతిక మంది కూర్చుని వింటున్నారు. గొంతు తగ్గించలేదు.

"నాకు గూడ ఎర్రబట్ట అయింది. నాలుగు నెలలు దాసుకున్న. ఇరవై ఆరేండ్ల సంది ఈడ పనిచేస్తున్న నేనే దాసుకున్న. కరీంనగర్ల ఒకామె సంచి తీస్తనన్నది. తీపిచ్చుకోలే. ఈ గదిల, గీ బల్ల మీదనే పండుకున్న. రేగుపండంత కండ ఉండె, పది నిమిషాల్ల తీసేసిండ్రు. నా సంచి నా కాడనే ఉన్నది. నీకు గూడ గదే ఉంటదని నేను చెప్పలేను. ఏమున్నదో చూపించుకోకుంట మాత్రం సంచి ఎవ్వలికియ్యకు."

లింగవ్వ ఆమె మొహంలోకి చూసింది. "నువ్వు లోపలికి వస్తవా?"

"నీ చెయ్యి ఇడువ," అంది ఎల్లక్క.

లింగవ్వకు పాలిప్ లేదు. మూతి మీద ఒకచోట తెల్లటి మచ్చ కనపడింది. అది చూడగానే భూమిక మొహం మారడం ఎల్లక్క పట్టుకుంది. కరీంనగర్ పెద్దాసుపత్రికి రాసిస్తే, ఎల్లక్క సెలవు పెట్టి వెంట వెళ్లింది. ముక్క పరీక్షలో క్యాన్సర్ కాదనీ, వదిలేస్తే కొన్నేళ్లకు అటు పోయే మార్పు అనీ తేలింది. ఆ భాగం మాత్రమే తీసి పంపించారు. ఏడాదికోసారి చూపించుకుంటే చాలన్నారు. తిరుగు బస్సులో లింగవ్వ ఎల్లక్క భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. కుదుపులకు లేవకుండా ఎల్లక్క తన చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది.

సంక్రాంతి ముగ్గులు ఇంకా చెరిగిపోని ఒక బుధవారం పొద్దున, రెండు ఆటోలు దవాఖాన గేటు ముందు ఆగాయి. పదకొండు మంది ఆడవాళ్లు దిగారు. చేతుల్లో చీటీలు లేవు. అందరూ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు.

"ఎవలు పంపిండ్రు?" అని అడిగింది ఎల్లక్క.

వాళ్లలో పెద్దావిడ చెప్పింది. "మా ఇంటాయనకు సాంబయ్య చెప్పిండట. మిల్లుల అందరిని కూసోబెట్టుకొని, మా ఇంటామెకు గిట్లైంది, గిట్ల తీసిండ్రు, మీ ఇంట్ల ఆడోళ్లను గూడ తోలుండ్రి అన్నడట. మా ఆయన రాత్రి నాతోని చెప్తుంటే నాకే నవ్వొచ్చింది. మొగోళ్లు గీ ముచ్చట మాట్లాడుకునుడు ఎన్నడన్న విన్నమా?"

ఎల్లక్క నమ్మలేక మళ్లీ అడిగి చెప్పించుకుంది. పండక్కి నాలుగు మాటలు మాట్లాడని మనిషి అతను.

సాయంత్రం ఇంటికి పోయి నిలదీసింది. "మిల్లుల నా ముచ్చట చెప్పినవట?"

సాంబయ్య కడిగిన కాళ్లు తుడుచుకుంటూ, "చెప్పిన," అన్నాడు.

"సిగ్గనిపియ్యలేదా?"

"ముందుగాల అనిపిచ్చింది. మాతోని బస్తాలు మోసే పరశురాములు భార్య రక్తం పోయి నీరసంతోని పడిపోయిందని తెలిసినంక అనిపియ్యలే. కరీంనగర్ల ఆ డాక్టరమ్మను నువ్వడిగిన ముచ్చట గూడ చెప్పిన. కాడ ఉన్నదా లేదా అని అడిగింది మా ఆమె అన్న. బస్తాలు దించి మరీ విన్నరు." అతను తువ్వాలు దండెం మీద వేసి, ఆమె వైపు చూడకుండానే అన్నాడు, "నీ గురించి చెప్తుంటే నాకు మస్తు గొప్పగనిపిచ్చింది."

ఎల్లక్క వంట దగ్గరికి నడిచింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మూత తీసి చూసి, ఇంకో గిద్దెడు బియ్యం వేయాల్సిందేమో అనుకుంది. ఆ రోజు ఆకలి ఎక్కువగా ఉంది.

మరుసటి బుధవారం వరుస వరండా దాటి వేపచెట్టు దాకా వచ్చింది. వందన సిస్టర్‌కు రిజిస్టర్‌లో కొత్త పేజీ తెరవాల్సి వచ్చింది. ఎల్లక్క నీళ్లు వెచ్చబెట్టి లోపల పెట్టి, గుమ్మంలో నిలబడి మొదటి పేరు గట్టిగా పిలిచింది.